పదును కాచే పెట్టె

తెలుగు రైతు వాడుకలో ‘పదును’ ఎంతో అర్థవంతమైన మాట. వాన వెలిసిన తరువాత నేల మరీ జిగురుగానూ కాక, మరీ బిగుసుకొనీ పోక, నాగలికి లొంగే స్థితికి వచ్చినపుడు ‘పదునైంది’ అంటాడు. ఆ పదును ఒకటి రెండు రోజులకు మించి నిలువదు. దానిని కొలిచే సాధనం రైతు వద్ద లేదు. పిడికిట మట్టి తీసి నలిపి చూడడమే కొలత. పొగాకుకు కూడా ఇటువంటి పదును ఒకటున్నది. ఎండిన ఆకు తేమ కోల్పోతే చేతిలోనే పొడి అవుతుంది. తేమ మించితే బూజు పడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకైన హద్దులో ఆకును నిలపడమే చుట్టల నిల్వలోని రహస్యమంతా. పాశ్చాత్యులు హ్యూమిడార్ అని పిలిచే తేమపెట్టె చేసే పని ఇంతకు మించి ఏమీ లేదు.

బహుమతిగా అందిన విదేశీ చుట్టలను ఎందులో దాచాలని యోచించేవారు మన నగరాలలో లేకపోలేదు. అట్టివారు మొట్టమొదట చూసేది పెట్టె నునుపు, ఇత్తడి బందులు, మూతపై చెక్కడం. నిజానికి చూడవలసినది పెట్టె వెలుపలి గాలిని. ఏ ఊరిలో ఉంచుతాము, ఆ ఊరి ఎండ ఎంత, వాన ఎంత అన్నవే ఎన్నికకు ఆధారాలు. ఈ సంగతిని చరిత్ర స్పష్టంగా చెబుతుంది. ఆ చరిత్రలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసుల ద్వారా ఇక్కడికి చేరింది. అసద్ బేగ్ అనే రాయబారి 1604-05 ప్రాంతంలో బీజాపూరు నుండి పొగాకును తెచ్చి అక్బరు పాదుషాకు సమర్పించిన వృత్తాంతం చరిత్ర విద్యార్థులకు సుపరిచితమే. ఉత్తరాదిన అది హుక్కాలోకి ప్రవేశించగా, దక్షిణాదిన ఆకును ఆకులోనే చుట్టి కాల్చే పద్ధతి వేళ్లూనుకొన్నది. తెలుగువారి ‘చుట్ట’, తమిళుల ‘సురుట్టు’ రెండూ చుట్టడమనే క్రియ నుండి పుట్టినవే. ఆంగ్లేయుల ‘చెరూట్’ ఆ తమిళ పదానికి రూపాంతరం.

గోదావరి పాయల నడుమ ఏర్పడిన లంకలలో, వరద తెచ్చి వేసిన ఒండ్రుమట్టిపై పండే ఆకుకు ప్రత్యేకమైన ఘాటు ఉన్నది. ఆ ఆకుతో చేసిన చుట్టకు ఆంగ్లేయుల నోట ‘లంకా’ అనే పేరే స్థిరపడింది. 1886లో తొలిసారి వెలువడిన యూల్, బర్నెల్ పండితుల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటను గోదావరి లంకలతో ముడిపెట్టి వివరిస్తుంది. 1890లో కానన్ డాయిల్ రచించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ నూట నలభై రకాల పొగాకు బూడిదలపై తాను ఒక గ్రంథం రాసినట్టు చెబుతూ, నేరస్థుడు లంక చుట్ట తాగేవాడని తెలిస్తే వెదకవలసిన పరిధి ఎంతో తగ్గుతుందని వివరిస్తాడు. కోనసీమ ఒండ్రు వాసన లండను పాఠకునికి అంత పరిచితమై ఉండడం గమనార్హం.

ఇంత పేరుపొందిన చుట్టకు స్వస్థలంలో ప్రత్యేకమైన తేమపెట్టె ఎందుకు పుట్టలేదు? ఈ ప్రశ్నకు సమాధానం పొగాకు తయారీలోనే లభిస్తుంది. కోసిన ఆకును వరుసలుగా కట్టి వేలాడదీసి ఆరబెడతారు. తరువాత గుట్టలుగా పేరుస్తారు. గుట్ట లోపల వేడి పుట్టి, ఆకు పులిసి, పచ్చివాసన పోయి, రంగు ముదురుతుంది. వేడి హద్దు మీరకుండా గుట్టను విప్పి, పై ఆకు లోపలికి, లోపలి ఆకు పైకి వచ్చేలా తిరిగి పేరుస్తారు. అరచేయి గుట్టలోకి జొనిపి వేడి చూడడం, ఆకును వేళ్ల నడుమ మడిచి పదును చూడడం పనివారికి అలవడిన విద్య. ఇలా సిద్ధమైన ఆకే ఇంటిలో నిల్వ ఉండేది. కావలసినపుడు కొద్దిగా నీరు చిలకరించి, ఆకు మెత్తబడిన తరువాత చుట్టుకొనేవారు. నిల్వ చేసినది ఆకును, చుట్టను కాదు. చుట్టినవాడికీ కాల్చినవాడికీ మధ్య ఉన్న వ్యవధి కొద్ది రోజులు మాత్రమే. సముద్రం మీది నుండి వచ్చే గాలి కూడా ఆకును పూర్తిగా ఎండనిచ్చేది కాదు. డెల్టాయే ఒక పెద్ద పెట్టె అయినపుడు వేరే పెట్టె అవసరమేమున్నది?

పెట్టె అవసరం చుట్ట దూరదేశం వెళ్లినపుడు పుట్టింది. క్యూబా దేశపు హవానాలో తయారైన చుట్ట సముద్రం దాటి, చలికాలంలో నిప్పుగూళ్లతో వేడెక్కిన లండను గదులకు చేరింది. అక్కడి పొడి గాలికి పై ఆకు పగిలేది. 1907లో లండనులోని డ్యూక్ వీధిలో దుకాణం తెరిచిన ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ వంటి వ్యాపారుల చేతిలో తేమపెట్టె ఒక గౌరవ చిహ్నంగా ఎదిగింది. అది హోదాకు గుర్తుగా మారినప్పటికీ, మూలంలో హవానా వాతావరణాన్ని ఒక చెక్క పెట్టెలో బంధించి తీసుకుపోయే ప్రయత్నమే.

ఆ పెట్టె లోపలి చెక్క కథ కూడా ఆసక్తికరమైనదే. దానిని వ్యాపారులు స్పానిష్ సెడార్ అంటారు. అది స్పెయిన్ దేశానిదీ కాదు, దేవదారు జాతిదీ కాదు. సెడ్రెలా ఒడొరాటా అనే ఈ అమెరికా వృక్షం మన వేప కుటుంబానికి చెందినది. తేమను పీల్చుకొని, గాలి పొడిబారినపుడు తిరిగి విడిచిపెట్టడం, వంకర పోకుండా ఉండడం దాని గుణాలు. దీనికి దగ్గరి బంధువు మన దేశంలోనే ఉన్నది. సంస్కృతంలో నందివృక్షమనీ, హిందీలో తూన్ అనీ వ్యవహరించే ఆ చెట్టు కలప గృహోపకరణాలకు, తేయాకు పెట్టెలకు పేరుపొందినది. దీనికి సెడ్రెలా తూనా అని పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి, గోదావరి సీమ వృక్షసంపదను పరిశీలించిన వైద్యుడు ఆయనే. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని తూనా అనే వేరు ప్రజాతిలో చేర్చినా, బాంధవ్యం మాత్రం తొలగిపోలేదు.

ఇక రాయ్‌పూర్ విషయానికి వద్దాము. 1931లో విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వరకు రైలుమార్గం పూర్తి కావడంతో కళింగాంధ్ర తీరానికీ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి. తరువాతి దశాబ్దాలలో భిలాయి ఉక్కు కర్మాగారం వెలియడంతో ఈ ప్రాంతానికి తెలుగువారి వలస పెరిగింది. తీరప్రాంతం నుండి వచ్చినవారి వెంట చుట్ట అలవాటూ వచ్చింది గాని, తీరపు గాలి రాలేదు. ఇక్కడ మే నెలలో పగటి వేడి నలభై డిగ్రీలు దాటడం సామాన్యం. అపుడు గాలిలో తేమ అడుగంటి, ఆరుబయట పెట్టిన చుట్ట అచిరకాలంలోనే పెళుసెక్కుతుంది. జూన్ మధ్య తరువాత రుతుపవనాలు ప్రవేశించగానే స్థితి తారుమారవుతుంది. జులై, ఆగస్టు మాసాలలో పుస్తకాల అట్టలకు పట్టే బూజే చుట్టకూ పడుతుంది. ఒకే ఏడాదిలో ఎడారినీ, డెల్టానూ అనుభవించే ఊరు ఇది.

ఈ నేలకు పదును విద్య కొత్తది కాదని కూడా గుర్తించాలి. ఛత్తీస్‌గఢ్ అడవులలో సేకరించే తెందూ ఆకు, అంటే మన తునికాకు, బీడీకి పై ఆకు. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక ప్రామాణిక బస్తా చొప్పున లెక్క కడతారు. 1964లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని తన అధీనంలోకి తెచ్చుకొన్నది. కల్లాలలో కట్టలను ఎండబెట్టిన తరువాత, బస్తాలకెత్తే ముందు నీరు చిలకరించి మెత్తబరుస్తారు. చిలకరించకపోతే ఆకు విరుగుతుంది. అతిగా చిలకరిస్తే బస్తాలో కుళ్లుతుంది. లండను వ్యాపారి పెట్టెతో సాధించినదానిని గిరిజన సేకర్త చేతి అంచనాతో సాధిస్తున్నది.

ఈ నేపథ్యంలో తొలి పెట్టె ఎన్నిక సులభమవుతుంది. చుట్టకు అనువైన సాపేక్ష తేమ అరవై అయిదు నుండి డెబ్బై రెండు శాతం. వేడి ఇరవై డిగ్రీల దరిదాపులలో ఉండడం మేలు. మొదట పరీక్షించవలసినది మూత. పెట్టె అంచున పలుచని కాగితం ఉంచి మూసి లాగినపుడు అది తేలికగా జారి వస్తే ఆ పెట్టె మే నెలను తట్టుకోలేదు. రెండవది పరిమాణం. తయారీదారు చెప్పే సంఖ్య సన్నని చుట్టలను దృష్టిలో ఉంచుకొని చెప్పేది కనుక, ఇరవై అయిదు దాచదలచినవారు యాభై పట్టేది తీసుకోవడం యుక్తం. అంతకు మించిన ఖాళీ ఉంటే తేమ నిలకడగా ఉండదు. మూడవది సువాసన. గంధపు చెక్క పెట్టె బహుమతిగా ఎంత శోభించినా దీనికి పనికిరాదు. ఆకు ఇతర వాసనలను ఇట్టే పట్టేస్తుంది. కర్పూరం, కలరా ఉండలు ఉన్న బీరువాలో పెట్టెను ఉంచడం కూడా తగదు.

నాలుగవది తేమ మాపకం. మూతకు బిగించి వచ్చే ముల్లు మాపకాలను పరీక్షించకుండా నమ్మరాదు. పరీక్షకు వంటింటి ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత మాత్రమే నీరు కలిపి, మాపకంతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక పగలు, ఒక రాత్రి ఉంచితే లోపలి గాలి డెబ్బై అయిదు శాతం తేమ వద్ద నిలుస్తుంది. మాపకం చూపే సంఖ్య అంతకన్నా ఎంత తేడాగా ఉంటే అంత దాని దోషం. అయిదవది ఓర్పు. కొత్త చెక్క దాహంతో ఉంటుంది. శుద్ధజలంలో ముంచిన స్పాంజిని గిన్నెలో పెట్టి, ఖాళీ పెట్టెను వారం పది రోజులు మూసి ఉంచి, మాపకం నిలకడ చూపిన తరువాతనే చుట్టలు అమర్చాలి. తడిగుడ్డతో చెక్కను తుడిస్తే అది ఉబ్బి వంకర పోవచ్చు.

చెక్కపెట్టె తేమను కాయగలదే గాని వేడిని ఆపలేదు. పాతిక డిగ్రీలు దాటిన చోట పొగాకు పురుగు గుడ్లు పొదిగి, చుట్టకు సూదిబెజ్జాలు పొడవడం మొదలవుతుంది. కాబట్టి రాయ్‌పూర్‌లో పెట్టెకు ఇంటిలో అన్నిటికన్నా చల్లని గోడ మూల కావాలి. వేసవిలో తడి కూలర్ నడిచే గదిలో తేమ పెరుగుతుంది. శీతల యంత్రమున్న గదిలో తగ్గుతుంది. మూత గట్టిగా లేని ఖరీదైన పెట్టె ఈ రెంటి మధ్య కొట్టుమిట్టాడుతుంది. దానికన్నా గాలి చొరని సాదా ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక సెడార్ చెక్క ముక్క, తేమను సమతూకంగా ఉంచే పొట్లం ఒకటి మేలైనవి. తొలి పెట్టెగా దానినే సూచించడానికి ఈ వ్యాసకర్తకు సంకోచం లేదు.

అయినప్పటికీ లోకం విలువ కట్టేది పెట్టెకే. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ బహూకరించిన తేమపెట్టె 1996లో సోదబీ సంస్థ వేలంలో అయిదు లక్షల డెబ్బై నాలుగు వేల అయిదు వందల డాలర్లకు అమ్ముడుపోయింది. పెట్టెకు యజమాని పేరు తోడైతే అది చారిత్రక వస్తువవుతుంది. ఆకు పదును చూసిన చేతికి పేరుండదు.

ఈ చరిత్రలో మరొక మూల్యం కూడా ఉన్నది. ఉత్తరాంధ్ర పల్లెలలో స్త్రీలు నిప్పున్న కొసను నోటి లోపల ఉంచి చుట్ట కాల్చే అలవాటు వైద్యుల దృష్టిని ఆకర్షించింది. పిండ్‌బర్గ్, మెహతా ప్రభృతులు పదివేల నూట అరవై తొమ్మిది మంది గ్రామీణులను పరీక్షించి, అంగిలిపై ఏర్పడే వ్యాధి లక్షణాలను 1971లో ప్రకటించారు. అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ గల సంబంధం నేడు నిర్వివాదాంశం. 2003లో వెలువడిన కేంద్ర చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించి, పొట్లాలపై హెచ్చరికను తప్పనిసరి చేసింది. పెట్టె ఆకును కాపాడుతుంది, కాల్చేవానిని కాపాడదు. కొనబోయేవారు ఈ మాటను ధర చీటీ పక్కనే రాసుకోవడం మంచిది.

పొగాకు వాడకం తగ్గడం సమాజానికి శుభమే. కాని దానితో పాటు ఒక జ్ఞానం కూడా అంతరించిపోనవసరం లేదు. 1947లో రాజమండ్రిలో నెలకొన్న కేంద్రీయ పొగాకు పరిశోధనా సంస్థ ఆకు శాస్త్రాన్ని గ్రంథస్థం చేసింది. లంకల్లో గుట్ట తిరగవేసినవారు, చుట్టలు చుట్టిన స్త్రీలు, తునికాకు కల్లాలలో నీరు చిలకరించేవారు వాడే మాటలను, చేతి కొలతలను గ్రంథస్థం చేసే పని మిగిలి ఉన్నది. ఏ వేళ ఆకు ముట్టాలి, ఎంత నీరు చల్లాలి, వేడి ఎంతైతే గుట్ట విప్పాలి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగల వృద్ధులు ఆ గ్రామాలలో ఉండగానే జిల్లా వస్తు ప్రదర్శనశాలలు, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలు ఈ పనికి పూనుకోగలవని ఆశిద్దాము.