బాప్తిస్మం చీటీ, బడి టీసీ

మొన్న సంక్రాంతికి మోపిదేవి వెళ్ళినప్పుడు తాతయ్య ట్రంకుపెట్టెలో రెండు పాత కాగితాలు కనపడ్డాయి. ఒకటి మా నాన్న బాప్తిస్మం చీటీ, రెండోది నాన్న బడి టీసీ. రెండిట్లోనూ పుట్టినరోజు ఒకటే, పేర్లు మాత్రం వేరు. చీటీలో క్రైస్తవుడు, టీసీలో హిందువు. ఒకే మనిషికి రెండు రికార్డులు! మన డేటాబేసులో అయితే డూప్లికేటని తీసేస్తాం. ఇక్కడ మాత్రం ఏది తీసేసినా కథ పోతుంది.

ఈ కథ మా బందర్లోనే మొదలైంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు చర్చి మిషనరీ సొసైటీ తరఫున బందరు వచ్చారు. 1843లో నోబుల్ అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. ముందు పై కులాలవాళ్ళు మారితే మిగతావాళ్ళు వెనకే వస్తారని ఆయన లెక్క. అందుకే అంటరానివాళ్ళని ఆ బళ్ళో చేర్చుకోలేదు. అందరూ దేవుడి పిల్లలే అని చెప్పే బడి, గుమ్మం దగ్గర మాత్రం కులం చూసిందన్నమాట! ఇంతాచేసి 1852లో ఇద్దరు కుర్రాళ్ళు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయిపోయింది. పిల్లలు మళ్ళీ వచ్చారు గానీ, 1865లో నోబుల్ చనిపోయేనాటికి మతం మారినవాళ్ళు కొద్దిమందే.

నోబుల్ లెక్క తలకిందులైంది. జనం వచ్చింది ఆయన ఎదురుచూసిన వైపు నుంచి కాదు. 1859లో బెజవాడ అవతల రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, డార్లింగ్ అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పల్లెలకి పల్లెలే కదిలాయి. (మా వైపు 'ఊరు' వేరు, 'పల్లె' వేరు. తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.)

పల్లె బడి అంటే పెద్ద భవనాలేవీ ఊహించుకోకండి. ఒక తాటాకు పాక. పగలు అదే బడి, పొద్దుగూకాక అదే గుడి. పాఠం చెప్పేదీ ప్రార్థన చేయించేదీ ఒక్కడే, ఉపదేశి. బందరు బడి బీయేలని తయారుచేస్తే, ఈ పాక సంతకం పెట్టగలిగే కూలీలని తయారుచేసింది. నా దృష్టిలో రెండోదే పెద్ద మార్పు. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య గారి పని కూడా ఎక్కువగా ఈ పల్లె ఉపదేశుల మీదే నడిచింది. తర్వాత మా కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన కిందికే వచ్చాయి.

"అదంతా మతం మార్చడానికి వేసిన ఎర కదా" అంటారు కొందరు. ఉద్దేశం దాచుకున్నదేం కాదు. బైబిలు చదవాలనే అక్షరాలు నేర్పారు. ప్రార్థన ఇష్టమో కాదో పిల్లాణ్ణి అడిగినవాళ్ళు లేరు. ఎయిడెడ్ బళ్ళో తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకి మతబోధ చెయ్యకూడదని చెప్పే 28వ అధికరణం వచ్చింది 1950లో. ఆ విమర్శ నాకూ సబబే అనిపిస్తుంది. కానీ ఊరి బళ్ళో వసారా అవతల కూర్చోబెట్టిన పిల్లాడికి, లోపల కూర్చోమన్న పాక ఎరలా కనపడి ఉంటుందా?

అదే 1950లో ఇంకోటి కూడా వచ్చింది, షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. క్రైస్తవుడైతే ఎస్సీ కాదంది. మన రాష్ట్రంలో అలాంటివాళ్ళని బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారినా ఊళ్ళో కులం మారలేదు, వేరే గ్లాసు మారలేదు. మారింది రిజిస్టర్లో ఒక్క గడి. దాంతో చాలా ఇళ్ళల్లో పిల్లలకి రెండు పేర్లు వచ్చాయి, చర్చికి ఒకటి, బడికి ఒకటి.

తాతయ్య కూడా అలాంటి పాకలోనే ఓనమాలు దిద్దారు. ఇప్పుడాయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. కాగితాలు చూపించి "ఇదేంటి తాతయ్యా?" అనడిగా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు:

"ఉపదేశి గారు నాకు రాయడం నేర్పింది దేవుడి మాట రాసుకోవడానికిరా. ఆ చేత్తోనే మీ నాన్నని బళ్ళో వేసినప్పుడు హిందువని రాశా. ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేకపోయా."

నోబుల్ గుమ్మం దగ్గర కులం అడిగాడు, ప్రభుత్వం గడిలో మతం అడిగింది. మధ్యలో ఏదీ అడక్కుండా పలక చేతిలో పెట్టింది ఆ ఉపదేశి ఒక్కడే. ఆ పలక లేకపోతే ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు టైపు చేసేవాణ్ణి కాదు. రెండు కాగితాలూ మళ్ళీ పెట్టెలోనే పెట్టొచ్చాను.