దవాఖానకు దారి: హయత్‌నగర్ బాటపై వృద్ధరోగుల ప్రయాణ చరిత్ర

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగిన పాత బాటను చరిత్రకారులు వజ్రాల దారిగా, కలంకారీ వస్త్రాల దారిగా, సైన్యాల దారిగా వర్ణించారు. ఆ బాట మీద హయత్‌నగర్ ఒక మజిలీ. వర్తకులు, సిపాయిలు నడిచిన ఆ దారి మీదనే రోగులు కూడా నడిచారు, మోయబడ్డారు, బండ్లలో పడుకొని వెళ్ళారు. వారి ప్రయాణం మాత్రం చరిత్రరచనకు వస్తువు కాలేకపోయింది. వైద్యం ఉన్న చోటికి వృద్ధుడైన గ్రామీణ రోగిని చేర్చే భారాన్ని ఏ కాలంలో ఎవరు వహించారన్న ప్రశ్నను హయత్‌నగర్ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రాజ్యం రోగి ప్రయాణాన్ని పట్టించుకొన్న ప్రతి సందర్భంలోనూ దాని దృష్టి ఆపద మీదనే నిలిచింది. వృద్ధుల ప్రయాణానికి ఆపద కంటె ఆవృత్తి ప్రధానం. నెలనెలా, కొందరికి వారానికి మూడుసార్లు, వెళ్ళి తిరిగి రావలసిన ప్రయాణం అది. ఆ ఆవృత్తిని లెక్కలోకి తీసుకొన్న ఏర్పాటు మన ప్రాంతంలో ఒకే ఒక్కసారి జరిగిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

హయత్‌నగర్ పేరు హయత్ బక్షీ బేగం పేరిట ఏర్పడింది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆమె పేరుతో వెలసిన మసీదు చుట్టూ వందకు పైగా గదులతో బాటసారుల సరాయి, సమీపాన హాథీ బావి నేటికీ కనిపిస్తాయి. రోగి ప్రయాణ చరిత్రలో సరాయికి మనం సాధారణంగా ఇచ్చే స్థానం కన్నా పెద్ద స్థానమే ఉండాలి. కాలినడకన, ఎడ్లబండి మీద వెళ్ళేవారికి ఒక పగటి ప్రయాణం తరువాత తలదాచుకొనే చోటు లేకపోతే దవాఖాన ఎంత గొప్పదైనా అందదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాదులో దారుల్ షిఫా కట్టించాడు. నగరం లోపల వైద్యశాల, నగరానికి వెళ్ళే బాట మీద బస: ఈ రెండింటినీ ఒకే రాజవంశం సమకూర్చింది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం బాటను వర్ణించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, గోల్కొండ విడిచిన తరువాతి మజిలీలో పేద బాటసారులకు రోజూ రొట్టె, అన్నం, వండిన కూర పంచేవారనీ, ఇతరులు వండినది తినని హిందువులకు పిండి, కొంత వెన్న ఇచ్చేవారనీ రాశాడు. 2022 మే నెలలో హైదరాబాదులోని 18 ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల సహాయకులకు అయిదు రూపాయల భోజనం మొదలైనప్పుడు దానిని కొత్త పథకంగా ప్రకటించారు. ఆ ఆలోచన ఈ నేల మీద ఎంత పాతదో అప్పుడు ఎవరూ గుర్తు చేయలేదు.

కుతుబ్‌షాహీల తరువాత మజిలీల వ్యవస్థ శిథిలమయింది. బాట మిగిలింది, బస మిగలలేదు. ఆ దశలో రోగిని మోసే భారమంతా కుటుంబం మీదా ఊరి మీదా పడింది. భాషలోని వాహనవాచకాలు దీనికి సాక్ష్యమిస్తాయి. మేనా, పల్లకి కలవారివి. తెలంగాణలో సవారి కచ్చురం కూడా ప్రధానంగా భూస్వామ్య కుటుంబాలదే. మిగిలినవారికి ఎడ్లబండి, అదీ లేనివారికి మంచం. నులకమంచాన్ని తలకిందులు చేసి కాళ్ళకు మోకులు కట్టి నలుగురు భుజాన ఎత్తుకొంటే అదే వాహనం. డోలీ కూడా ఈ కోవలోనిదే. సంస్కృత ‘దోలా’ శబ్దం ఊయలను సూచిస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండగ్రామాల నుంచి డోలీమోతల వార్తలు నేటికీ వస్తూనే ఉన్నాయి కనుక దీనిని గతకాలపు మాటగా పరిగణించలేము. మోసేవారు నలుగురు దొరికితేనే ఈ వాహనం కదులుతుంది. పడుచువారు నగరానికి వలసపోయిన ఊళ్ళో ముసలివాడి మంచాన్ని ఎత్తే భుజాలు లేవు.

1889 నాటికి నిజాం హామీ రైలుమార్గం బెజవాడకు చేరింది. అది ఘట్‌కేసర్, భువనగిరి, కాజీపేటల మీదుగా పోయింది. హయత్‌నగర్ రైలుకు దూరంగా ఉండిపోయింది. తీరాంధ్రకు ప్రధాన రాకపోకలు ఉత్తరాన ఉన్న ఇనుపదారికి మళ్ళాక ఈ పాత బాట చుట్టుపక్కల గ్రామాల బాటగా కుదించుకుపోయింది. మరోవైపు నగరంలో వైద్యం పెద్దదయింది. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైన తరువాత, ఆ నదీతీరాననే మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఉస్మానియా ఆసుపత్రి లేచింది. అంటువ్యాధులకు నల్లకుంటలో వేరే ఆసుపత్రి ఏర్పడింది. రోగిని ఇతరులకు దూరంగా ఉంచే ‘క్వారంటీన్’ పద్ధతి జనం నోట ‘కోరంటి’గా మారి, ఆ ఆసుపత్రి నేటికీ కోరంటి దవాఖానగానే పలుకుబడిలో ఉంది. తీరాంధ్రలో ధర్మాసుపత్రి అన్న మాట ప్రచారంలో ఉండగా, తెలంగాణలో అరబ్బీ ‘దవా’, పారశీక ‘ఖానా’ శబ్దాల కూర్పు స్థిరపడింది. ఒక మాటలో దానగుణం ఉంది, మరొక మాటలో మందు ఉన్న ఇల్లు ఉంది. ఆ ఇంటికి ఎలా వెళ్ళాలో రెండు మాటలూ చెప్పవు.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. గ్రామీణ రోగి చరిత్రలో బస్సు రాకను మించిన మలుపు లేదని చెప్పడం అతిశయోక్తి కాదు. హయత్‌నగర్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు సుమారు 17 కిలోమీటర్లు. ఎడ్లబండికి అది ఒక పూట, బస్సుకు గంట. కాని బస్సు వేళలు ఉద్యోగిని, విద్యార్థిని, సంతకు వెళ్ళే రైతును దృష్టిలో ఉంచుకొని ఏర్పడ్డాయి. ప్రభుత్వ దవాఖానలో ఓపీ చీటీకి పొద్దున వరుసలో నిలబడాలి. సరిగ్గా ఆ వేళకే బస్సులు ఉద్యోగులతో కిక్కిరుస్తాయి. ఎత్తయిన మెట్టు, క్షణకాలం ఆగి కదిలే బస్సు, పట్టుకోవడానికి అందని కడ్డీ, ఇవన్నీ మోకాళ్ళనొప్పి ఉన్న డెబ్బయి ఏళ్ళ మనిషికి దూరాన్ని రెట్టింపు చేస్తాయి.

వైద్యాన్నే రోగికి దగ్గరగా తెచ్చే ప్రయత్నం స్వాతంత్ర్యానంతరం జరిగింది. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక సూచించిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు 1952లో సమాజ వికాస పథకంతో రూపం దాల్చాయి. తరువాత స్థిరపడిన ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం, 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలి. ఇందులో ఒక మౌలిక లోపం ఉంది. ఇది మనుషులను లెక్కిస్తుంది, అడుగులను లెక్కించదు. చిన్న ఊళ్ళు దూరదూరంగా ఉన్న చోట 30,000 మంది చాలా విశాలమైన నేల మీద పరచుకొని ఉంటారు. పిగిలిపురం, తారామతిపేట, కుత్బుల్లాపూర్, లష్కర్‌గూడ వంటి గ్రామాలు జాతీయ రహదారికి అటూ ఇటూ లోపలికి విస్తరించి ఉన్నాయి. అటువంటి ఊళ్ళలో రోగి మొదటి కష్టం హైదరాబాదు చేరడం కాదు, రహదారి చేరడం. ఆ కొద్దిపాటి దూరాన్ని నింపినవి ఒకప్పుడు ఎడ్లబండ్లు, పిదప షేర్ ఆటోలు. వైద్యచరిత్రలో ఆటో డ్రైవరు పేరు రాదు గాని, గ్రామీణ రోగిని అందరికన్నా ఎక్కువసార్లు మోసినది అతడే కావచ్చు.

2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా 108 అత్యవసర సేవ మొదలయింది. సత్యం సంస్థ అధినేత రామలింగరాజు చొరవతో పుట్టి, 2009లో ఆ సంస్థ సంక్షోభంలో పడిన తరువాత జీవీకే నిర్వహణలోకి వచ్చింది. ఇక్కడి నమూనా ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. అష్టోత్తర సంఖ్య కావడం వల్లనో ఏమో జనం దానిని ఇట్టే గుర్తుపెట్టుకొన్నారు. హయత్‌నగర్ వంటి రహదారి ప్రాంతంలో అది కాపాడిన ప్రాణాలను తక్కువచేసి మాట్లాడడం అన్యాయం. కాని దాని స్వభావాన్ని గమనించాలి. 108 రోగిని తీసుకువెళుతుంది, తిరిగి ఇంటికి తీసుకురాదు. ఆపదకు తిరుగు ప్రయాణం లేదన్నట్టుగా దాని రూపకల్పన ఉంది. బాలింతనూ బిడ్డనూ ఇంటికి చేర్చడానికి 102 వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించినవారి దేహాన్ని ఊరికి చేర్చడానికి తెలంగాణలో ఉచిత పార్థివ వాహనాలు వచ్చాయి. పుట్టుకకు బండి ఉంది, ప్రమాదానికి బండి ఉంది, మరణానికి బండి ఉంది. ఈ మూడింటి నడుమ మందుల మీద బతికే పదేళ్ళకో, ఇరవై ఏళ్ళకో బండి లేదు.

‘అంబులెన్స్’ అన్న మాటకు ఫ్రెంచిలో మూలార్థం నడిచే ఆసుపత్రి. యుద్ధభూమిలో సైన్యం వెంట కదిలే వైద్యశాలకు మొదట ఆ పేరు. క్షతగాత్రుణ్ణి మోసుకుపోయే బండికి ఆ పేరు స్థిరపడింది తరువాతనే. ఆ మూలార్థానికి మన ప్రాంతంలో దగ్గరగా వచ్చినది 108 కాదు, 104.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 104 సంచార వైద్యవాహనాలకు ఒక స్పష్టమైన సూత్రం ఉండేది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్న గ్రామానికి నెలకొకసారి, నిర్ణీత తేదీన బండి వస్తుంది. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ వంటి దీర్ఘవ్యాధులకు పరీక్ష చేసి నెలకు సరిపడా మాత్రలు ఇస్తారు. గర్భిణులనూ శిశువులనూ చూస్తారు. భోర్ కమిటీ నాటి నుంచి వచ్చిన జనాభా లెక్కకు బదులు దూరపు లెక్క ఇక్కడ ప్రవేశించింది. తేదీ స్థిరంగా ఉండడం దూరం తగ్గడమంత ముఖ్యం. తేదీ తెలిస్తే కొడుకు కూలి మానుకోనక్కరలేదు, పక్కింటివారిని బతిమాలనక్కరలేదు. చేతికర్ర పట్టుకొని పంచాయతీ అరుగు దాకా నడిస్తే చాలు. వాహనంలో ఆదిలో వైద్యుడు లేకపోవడం, మందులు అందకపోవడం, సిబ్బంది వేతనాల వివాదాలు ఆ పథకాన్ని బలహీనపరిచాయి. ఆ విమర్శలు సరైనవే. అయినా అవి అమలులోని లోపాలు. దాని వెనుకనున్న సూత్రాన్ని అవి ఖండించలేవు. ఆంధ్రప్రదేశ్ 2020 జూలై 1న 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను ప్రారంభించి, ఆ సూత్రాన్ని పునరుద్ధరించింది. తెలంగాణలో ఆ బండ్లు క్రమంగా తెరమరుగయి, వాటి పని పల్లె దవాఖానలకు బదిలీ అయింది. నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానలు వచ్చాయి. ఇవి దూరాన్ని నిజంగానే తగ్గించాయి. కంటిశుక్లానికో, గుండె పరీక్షకో, డయాలసిస్‌కో మాత్రం వృద్ధుడు ఇప్పటికీ పెద్ద దవాఖానకు పోవలసిందే.

చట్టం ఈ విషయంలో ఏమి చెప్పిందో చూడాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 20వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు, వేరే వరుసలు, దీర్ఘవ్యాధులకు చికిత్స, జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక సదుపాయాలు ఉండాలంటుంది. వృద్ధుడు అప్పటికే ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడని ఈ సెక్షన్ ఊహిస్తుంది. అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది దాని పరిధిలో లేదు. రవాణా వైపు నుంచి వచ్చిన సాయమంతా టికెట్టు ధర చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో అరవై ఏళ్ళు నిండినవారికి 25 శాతం రాయితీ ఉంది. తెలంగాణలో డయాలసిస్ రోగులకు ఉచిత పాసులు ఇచ్చారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో స్త్రీలందరికీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితమయింది. ఈ చివరిది వృద్ధస్త్రీల విషయంలో చిన్న మార్పు కాదు. చేతిలో పైసలు లేక దవాఖాన వాయిదా వేసుకొన్న అమ్మమ్మకు కోడలిని డబ్బులు అడగవలసిన అవసరం తప్పింది. అదే ఇంట్లోని తాతకు ఆ వెసులుబాటు లేదు. పెరిగిన రద్దీలో ఇద్దరికీ సీటు దొరకడం కష్టమే.

ధర తీసివేసినా మిగిలే ఖర్చు ఒకటుంది: తోడు. మన సమాజంలో ముసలివారు ఒంటరిగా పెద్ద దవాఖానకు వెళ్ళరు, వెళ్ళలేరు. చీటీ రాయించాలి, రక్తపరీక్ష గది వెతకాలి, చక్రాల కుర్చీ తోయాలి, మందుల వరుసలో నిలబడాలి. ఆ తోడుకు వచ్చిన మనిషి ఒకరోజు కూలి పోగొట్టుకొంటాడు. ఆరోగ్యశ్రీ 2007లో తన శస్త్రచికిత్స ప్యాకేజీలో భోజనంతోపాటు ప్రయాణ ఖర్చును కూడా చేర్చింది. అది రోగి ప్రయాణాన్ని వైద్యంలో భాగంగా గుర్తించిన అరుదైన సందర్భం. కాని అది ఆసుపత్రిలో చేరిన రోగికే. నెలనెలా వచ్చి మాత్రలు తీసుకొని పోయే రోగికి వర్తించదు. తోడువారి కూలిని లెక్కలోకి తీసుకొన్న పథకం ఇప్పటికీ లేదు.

హయత్‌నగర్ ఇప్పుడు పల్లె కాదు. 2016లో దాని నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ మండలం విడిపోయింది. నగరం ఒక మండలంలో, పల్లెలు మరొక మండలంలో చేరినట్టయింది. 2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. లిఫ్టు ఉన్న స్టేషన్లు, ఎత్తు మెట్టు లేని పెట్టెలు వృద్ధులకు బస్సుకన్నా సౌకర్యమే. ఆ మార్గం ఉస్మానియా వైద్య కళాశాల పక్కగా పోతుంది. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వరకు 7.1 కిలోమీటర్ల పొడిగింపును రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపింది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించి, ఖాళీ అయిన స్థలంలో 2022 ఏప్రిల్ 26న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే ఈ బాట మీది రోగి మూసీ దాకా పోనక్కరలేదు. మామిడి, బత్తాయి లారీలకు మాత్రం బాటసింగారం దాకా వెడల్పయిన రహదారి, దించుకొనే షెడ్లు, కచ్చితమైన వేళలు సిద్ధంగా ఉన్నాయి. ఆ రహదారికి రెండు పక్కలా లోపలి ఊళ్ళలో ఉన్న వృద్ధుడు కొత్త దవాఖానకు చేరాలంటే మొదట ఆటో, తరువాత బస్సు, రహదారి దాటడం, ఆపైన మెట్రో. నిర్మాణపు పత్రాలలో పడకల సంఖ్య ఉంది. ఈ నాలుగు మజిలీల ప్రయాణం మాత్రం ఏ శాఖ పనిజాబితాలోనూ ఇంకా చేరలేదు.