జావాను బతికించిన పుల్లర్

టూ స్ట్రోక్ ఇంజిన్ విప్పడానికి నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలని పాత మెకానిక్కులు ఇప్పటికీ అంటారు. ఇంజిన్ పైభాగం వరకు ఆ మాటకు తిరుగులేదు. క్రాంక్‌కేసునే పంపుగా వాడుకునే ఇంజిన్‌కు జోసెఫ్ డే 1891లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పద్ధతిలో ఎదిగిన మోటార్‌సైకిల్ ఇంజిన్లలో క్యామ్ లేదు, ట్యాపెట్లు లేవు, హెడ్డులో వాల్వులు లేవు. హెడ్డు నట్లు విప్పి, బ్లాకు పైకి లాగి, సర్‌క్లిప్ తీసి పిస్టన్ పిన్నును తోస్తే పైభాగం చేతికొచ్చేస్తుంది. కార్బన్ గీకడం, రింగులు మార్చడం ఇంటి వరండాలో జరిగిపోయే పనులు. కానీ అసలు మరమ్మతు కింది సగంలో ఉంటుంది. అక్కడ పానాలకు పని తక్కువ. మన ఊళ్లలో పాత జావాలు, యెజ్దీలు, రాజ్‌దూత్‌లు ఇంకా రోడ్డు మీద ఉండటానికి ఇంజిన్ సులువుగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ఇంటి పనిముట్లకూ వీధి చివరి లేత్ షాపుకూ మధ్య కుదిరిన పని పంపకమే వాటిని నిలబెట్టిందని నా వాదన.

మాగ్నెట్‌నే చూడండి. క్రాంక్ షాఫ్ట్ చివర ఏటవాలుగా సన్నబడి ఉంటుంది, దాని మీద మాగ్నెట్ బిగుసుకుని కూర్చుంటుంది. నట్టు విప్పినంత మాత్రాన ఊడిరాదు. ఓపిక లేనివాడు సుత్తి తీస్తాడు. ఈ ఇంజిన్లలో క్రాంక్ ఒకే ముక్క కాదు, రెండు చక్రాల మధ్య పిన్నును ప్రెస్సులో నొక్కి కూర్చినది. షాఫ్ట్ చివర పడిన దెబ్బ ఆ కూర్పును పక్కకు జరుపుతుంది, కంటికి మాత్రం ఏమీ కనిపించదు. బండి స్టార్ట్ అయ్యాక వణుకు మొదలవుతుంది, తర్వాత బేరింగులు పోతాయి. మాగ్నెట్‌ను ఊడదీసే పుల్లర్ పని వేరు. మాగ్నెట్ బొడ్డులోని మరల్లో దాన్ని పూర్తిగా ఎక్కించి, మధ్య బోల్టును మెల్లగా బిగించి, బోల్టు తల మీద ఒక్కసారి చిన్నగా కొడితే టక్కుమని పట్టు వదులుతుంది. క్రాంక్‌కు ఏ హానీ ఉండదు.

ఇలాంటి ప్రత్యేక పనిముట్లను కంపెనీలు తమ సర్వీసు కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని తయారుచేశాయి. మైసూరులో ఐడియల్ జావా 1960లో పుట్టింది, 1973 నుంచి బళ్లకు యెజ్దీ పేరు పెట్టింది, 1996లో మూతపడింది. మరో టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిందీ అదే ఏడాది. కంపెనీ పోయాక కూడా బండి నడవాలంటే పుల్లర్‌ను ఎవరో ఒకరు చేసిపెట్టాలి. పాత మాగ్నెట్‌ను నమూనాగా పట్టుకెళ్తే, దాని మరల కొలత చూసి ఇనుప కడ్డీలోంచి పుల్లర్ కోసిచ్చేది లేత్ పనివాడే. అరిగిన సిలిండర్‌ను పావు మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్‌కు బోర్ చేసిందీ, కొత్త కన్‌రాడ్ కిట్ ఎక్కించడానికి క్రాంక్‌ను ప్రెస్సులో విప్పి మళ్లీ నొక్కిందీ ఆ షాపులే.

లేత్ షాపులు బాగుచేసిన ఇంజిన్లెన్నో పాడుచేసినవీ అన్నే అని కొందరు ఎత్తిపొడుస్తారు. ఆ మాటను తీసిపారేయలేం. అరిగిన లేత్ మీద బోర్ చేస్తే సిలిండర్ పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తుంది. క్రాంక్ సెట్టింగును కంటి అంచనాతో ముగిస్తే ఏడాది తిరక్కుండా బండి మళ్లీ షెడ్డుకొస్తుంది. అయితే ఇక్కడ లోపం లేత్‌ది కాదు, కొలవకపోవడానిది. క్రాంక్‌ను రెండు వీ బ్లాకుల మీద పెట్టి, డయల్ గేజ్ ఆనించి, చేత్తో తిప్పితే ముల్లు ఊగుతుంది. సాధారణంగా ఆ ఊపు 0.03 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఎత్తుగా ఉన్నవైపు రాగి సుత్తితో తట్టి మళ్లీ తిప్పాలి. అదే సుత్తి దెబ్బ, కానీ ఇక్కడ ఎక్కడ, ఎంత అనేది గేజ్ చెబుతుంది. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన పనిముట్టు ఏదంటే నేను డయల్ గేజ్‌నే చూపిస్తాను.

ఇప్పుడు చిన్న హైడ్రాలిక్ ప్రెస్సులు, గేజులు, పుల్లర్లు అన్నీ కొనుక్కోవచ్చు కదా, ఇక లేత్ షాపు ఎందుకని ఇంకో ప్రశ్న. ప్రెస్సు బలం ఇస్తుంది, పిన్ను నిటారుగా దిగేలా చూసుకోవాల్సింది చెయ్యే. ఆ చెయ్యి వందల క్రాంకులు చూస్తే గానీ కుదరదు. ఇంట్లో ఏడాదికో ఇంజిన్ విప్పేవాడికి ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? నా లెక్కలో నొక్కడం, బోర్ చేయడం షాపుకు వదిలేయాలి, తనిఖీ మాత్రం ఇంట్లో ఉంచుకోవాలి. క్రాంక్ తిరిగొచ్చాక వీ బ్లాకుల మీద మన కళ్లతో చూసుకోవాలి. ఇంజిన్ బిగించాక లీకు పరీక్ష కూడా మనమే చేసుకోవాలి. క్రాంక్‌కేసే పంపు కాబట్టి ఆయిల్ సీలు కాస్త వదులైనా బయటి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. సైలెన్సర్ దారి, కార్బొరేటర్ దారి గట్టిగా మూసి, పాత బీపీ మిషన్ రబ్బరు బంతితో గాలి కొట్టి గేజ్‌ను 250 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఎక్కించాలి. ముల్లు కొన్ని నిమిషాలపాటు నిలబడితే సీళ్లు సరిగా కూర్చున్నట్టే. గబగబా దిగిపోతుంటే సబ్బు నీళ్లు రాసి చూడాలి, బుడగ లేచిన చోటే లీకు.