అబ్బా సైకిల్ లైటు, అమ్మీ సూయి-ధాగా

అబ్బా సైకిల్‌కి డైనమో లైట్లు ఉండేవి, ముందొకటి, వెనకొకటి. చక్రం తిరిగితేనే రోష్నీ. ఆగితే గుల్. ఓ రోజు మగ్రిబ్ దాటాక చౌరస్తాలో ఆగి ఉన్నాడు. వెనక నుంచి ఆటో గుద్దింది. కాలు విరిగి మూడు నెలలు మంచం మీదే. ఆటో నడిపినతను అన్న మాట ఒక్కటే: "కనిపించలేదు భాయ్!"

అది అబద్ధం కాదు. అందుకే ఆ మాట నన్నింకా వదల్లేదు.

దానికి జవాబు దొరికిన తారీఖ్ చాలా తర్వాతిది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, ఒక డిజైన్ విద్యాసంస్థలో, ఆర్డుయినో అనే చిన్న బోర్డు పుట్టింది. ఇంజనీర్లు కానివాళ్లూ వాడుకునేలా చేశారు. దాని నక్షా దాచలేదు. ఎవరైనా చూడొచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

అమెరికాలోని బోల్డర్‌లో పరిశోధన చేస్తున్న లియా బ్యూక్లీ ఆ బోర్డును బట్టకు కుట్టేలా మార్చింది. 2007లో 'లిలీప్యాడ్' పేరుతో అది బజారుకొచ్చింది. పువ్వులాంటి గుండ్రటి బోర్డు, అంచు చుట్టూ చిల్లులు. వైర్ల బదులు వెండి పూత దారం. దాంతోనే ఆమె సైకిల్ జాకెట్ కుట్టింది. చేతుల మీద రెండు బటన్లు, వీపు మీద ఎల్ఈడీ బాణాలు. ఎడమ బటన్ నొక్కితే ఎడమ బాణం మిణుకుమంటుంది, కుడిది నొక్కితే కుడి బాణం. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి సైకిల్ ఆగినా ఆరిపోదు. కుట్టే తరీఖా, ప్రోగ్రామ్ అన్నీ అందరి ముందూ పెట్టేసింది. లిలీప్యాడ్‌తో వస్తువులు చేసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువని 2010లో ఆమె సహరచయితగా వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

అది చదవగానే అమ్మీ గుర్తొచ్చింది. అమ్మీ కార్చోబ్ పని చేసేది. అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగే కదా! వెండిలో కరెంటు పారుతుంది. అంటే ఆ హునర్ మా ఇంట్లో ముందే ఉంది. పెళ్లికూతుళ్ల దుపట్టాలు మెరిపించిన చెయ్యి, అబ్బా వీపు మీద ఓ దీపం కుట్టలేదా?

ఇల్మ్ దాచనివాడే ఉస్తాద్ అంటాను నేను. బోల్డర్ ఉస్తాద్ దాచలేదు. కానీ నక్షా అంతా ఇంగ్లీషులో ఉంది. ఉర్దూ, తెలుగు మాత్రమే చదివే కార్చోబ్ చేతులకు అది ఇప్పటికీ తాళం వేసిన తలుపే. ఆ తాళం తీయడం రాతగాళ్ల ఫర్జ్. నాది కూడా.

ఇంకోమాట. కనిపించడం సైకిల్ మీది మజ్దూర్ బాధ్యతైతే, చూడటం బండి నడిపేవాడి బాధ్యత కాదా?