ఫొటోకు కూర్చుండుట - నాడును, నేడును

ఉగాదినాడు తలంటి పోసికొనుట, క్రొత్తబట్టలు కట్టుట, పచ్చడి తినుట, పంచాంగము వినుట మన ఆచారములు. ఊరు విడిచి బెంగుళూరు చేరిన మన కుటుంబములలో మరియొక ఆచారము వీనికి తోడైనది. అది ఇంటిల్లిపాది ఒకచోట నిలిచి ఫొటో తీయించుకొని, ఊరనున్న పెద్దలకు పంపుట. చిన్నపనిగా కనబడు దీనికిని ఒక చరిత్ర కలదు. పాత పటములను చూచి, తాతగారు ఏల నవ్వలేదని, వారి చేయి ఎప్పుడును బల్లమీదనే ఏల యున్నదని పిల్లలు అడుగుచుందురు. ఆ ప్రశ్నలకు జవాబు ఈ చరిత్రలోనే యున్నది.

1839లో ఫ్రాన్సు దేశమున డాగ్యుయర్ తన పద్ధతిని లోకమునకు వెల్లడించెను. వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ పడుటకు తొలినాళ్లలో మంచి యెండలో సైతము పలు నిమిషములు పట్టెడిది. 1851లో ఇంగ్లండున ఆర్చర్ కనిపెట్టిన తడి గాజుపలక పద్ధతిలో ఆ కాలము కొన్ని సెకండ్లకు తగ్గినది. కాని ఆ కొన్ని సెకండ్లును కదలరాదు. అందుచేత కూర్చున్నవాని మెడవెనుక ఒక ఇనుపస్తంభమును నిలిపి, దాని కొసనున్న చీలికలో తల ఆనించెడివారు. చేయి వణకకుండ బల్లపై పెట్టించెడివారు. నవ్వును అంతసేపు నిలుపుట ఎవరితరము? కావున పెదవులు బిగించుటయే మేలనిపించెడిది. మన తాతల గాంభీర్యములో కొంత స్వభావమైనను, కొంత ఆనాటి గాజుపలక చేసిన పని!

మన బెంగుళూరునకు ఈ విద్యతో పరిచయము నేటిది కాదు. మద్రాసు సైన్యమున అధికారియైన లిన్నేయస్ ట్రైప్ 1854లో హళేబీడు శిల్పములను ఫొటోలు తీసెను. అతడు 1856లో మద్రాసు రాజధానికి ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమితుడయ్యెను. ఆ యేడే మద్రాసున ఫొటోగ్రాఫిక్ సొసైటీ వెలసెను. ట్రైప్ దృష్టి గుడులపై, కోటలపై నిలిచినది. రాతికి కదలిక లేదు గదా! మనుష్యుల ముఖములు స్టూడియోల వంతైనవి. 1864లో జోలార్‌పేట నుండి బెంగుళూరు దండుకు రైలు వచ్చెను. రైలుతో మనుష్యులును, టపాయును రాగా, దూరముననున్నవారికి తమ రూపము పంపుకొను అవసరమును పెరిగెను. 1910లో ఈ నగరమున వెలసిన జి. కె. వేల్ స్టూడియో పేరు ఇచటి పాతకాపులకు చిరపరిచితము.

తెలుగునాట ఈ కళకు రాజపీఠము వేసినవాడు లాలా దీన్ దయాళ్. ఈయన 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోర్ మరామత్తు శాఖలో అంచనాలు వేయు ఉద్యోగిగా చేరెను. కచేరీలో కాగితములు వ్రాసికొను మావంటివారికి ఈ సంగతి కొంత ఉత్సాహకరము! పిదప సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, 'రాజా ముసవ్విర్ జంగ్' అను బిరుదు పొందెను. 1905లో కీర్తిశేషుడయ్యెను.

ఆయన పనులలో 1892లో హైదరాబాదున తెరచిన జనానా స్టూడియో ముఖ్యమైనది. ఘోషా స్త్రీలకొరకు ఎత్తైన గోడలు కట్టించి, లోపల ఫొటోలు తీయుటకు కెన్నీ లెవిక్ అను ఆంగ్ల స్త్రీని నియమించెను. ఫొటోకు సిద్ధపడుట యనగా పౌడరు, దువ్వెన మాత్రమే కాదనియు, కూర్చున్నవారికి బెదురు లేకుండ చేయుటయే మొదటి సన్నాహమనియు ఆయన గ్రహించెను.

రంగుల సంగతియు తెలిసికొనదగినది. పాత గాజుపలకలు నీలికాంతినే బాగుగా గ్రహించెడివి. ఎరుపు వానికి చీకటితో సమానము. కావున నీలపుచీర తెల్లగాను, నుదుటి కుంకుమ నల్లగాను పడెడివి. 1873లో జర్మనీలో వోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపి పలకలకు పచ్చనికాంతిని గుర్తించు శక్తి నిచ్చెను. ఎరుపును గూడ గ్రహించు పలకలు అంగళ్లకు వచ్చుసరికి 1906 అయ్యెను. పాతపటములో అవ్వ బొట్టు నల్లగానున్నచో ఆమె కాటుకబొట్టే పెట్టుకొన్నదని తలంపనక్కరలేదు.

ఇక మన యిండ్ల మాట. ఫొటో తీయించుకొన్న ఆయుస్సు తగ్గునను భయము మన పల్లెలలో చాలకాలముండెను. కొన్ని యిండ్లలో ప్రాణము పోయిన పిమ్మటనే ఫొటోగ్రాఫరుకు కబురు వెళ్లెడిది. మా యింట తద్దినమునాడు తాతగారి పటమునకే దండ పడును. నాయనమ్మకు పటము లేదు. ఆమె ముఖము ఎట్టిదని మా పిల్లలడిగిన, మా నాన్నగారు తన చెల్లెలి గడ్డము చూపి, "ఇదిగో, ఇంతవరకు మా అమ్మే" అందురు. అంతకు మించి చూపుటకు ఏమియు లేదు.

నేడు ప్రతి చేతిలోను కెమెరా ఉన్న ఫోను కలదు. అయినను పెద్దలను కుదురుగా కూర్చుండబెట్టి తీసినవి ఎన్ని? ఈ పండుగకు చేయదగిన సన్నాహము చాల స్వల్పము. ముందురాత్రి వారిని బాగుగా నిద్రపోనిండు. ఉదయమున కిటికీ ప్రక్కన, వారికి అలవాటైన కుర్చీలోనే కూర్చుండబెట్టుడు. వారు రోజును కట్టుకొను తీరుననే ఉదికిన బట్టలు కట్టనిండు. క్రొత్త పట్టుబట్టల బిగువు ముఖములోనికి వచ్చును. పౌడరు మితముగా నుండవలెను. కండ్లజోడులో వెలుగు మెరసిన, దానిని తీయింపక తలను కొంచెము వంపుమనుడు. కెమెరా వారి కన్నుల యెత్తున నుండవలెను. నవ్వుమని ఆజ్ఞాపింపక, వారి చిన్ననాటి ఊరి సంగతి ఒకటి అడుగుడు. జవాబు చెప్పు వేళ వచ్చు ముఖమే వారి ముఖము.

తీసినదానిని ఫోనులోనే దాచక, కాగితముపై అచ్చు వేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. పేరులేని పటము రెండు తరములలో పరాయివారి పటమగును. పరాయి నగరమున పుట్టి పెరుగు మన బిడ్డలకు ఆస్తులతోపాటు ముఖములను గూడ అప్పగింతము.

ఎల్లరకు ఉగాది శుభాకాంక్షలు.