పెల్లెట్ స్టవ్ మొరాయిస్తోందా? పార్టులు కొనే ముందు బూడిద సంగతి చూడండి

అమెరికా, కెనడాల్లోని చలి ప్రాంతాల్లో ఇల్లు కొన్న మనవాళ్లలో కొందరికి హాల్లో ముందే బిగించిన పెల్లెట్ స్టవ్ కనిపిస్తుంది. పేరు స్టవ్ అయినా ఇది వంటకు కాదు, ఇల్లు వెచ్చగా ఉంచడానికి. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న చిన్న గుళికలే దీని ఇంధనం. మనకు అలవాటు లేని వస్తువు కావడంతో, చలి ముదిరిన రోజున ఆగిపోతే ఏం చేయాలో తోచదు. చాలామంది వెంటనే కొత్త మోటార్ ఆర్డర్ పెట్టేస్తారు. నిజానికి చాలాసార్లు పాడయ్యేది మోటార్ కాదు. లోపల పేరుకున్న బూడిద గాలికి అడ్డుపడుతుంది, అంతే.

ఎలా పనిచేస్తుంది?

పైన ఉండే హాపర్‌లో గుళికలు పోస్తాం. ఆగర్ అనే మరచుట్టు కడ్డీ మెల్లగా తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా బర్న్ పాట్ అనే చిన్న ఇనుప గిన్నెలోకి జారవిడుస్తుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలి మంట అంటిస్తుంది. ఇందులో రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి పొగను గొట్టం ద్వారా బయటికి లాగుతుంది, దాంతోపాటే మంటకు కావాల్సిన గాలి లోపలికి వస్తుంది. రెండోది గదిలోని గాలిని వేడి గొట్టాల మీదుగా తోసి వెచ్చగా పంపుతుంది. ఈ రెండు గాలులు ఎక్కడా కలవకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

రోజూ, వారానికోసారి

ఏ పని చేసినా ముందు స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్ తీసేయాలి. బర్న్ పాట్ అడుగున, పక్కన గాలి రంధ్రాలుంటాయి. బూడిద కరిగి గట్టిపడిన పెళ్లలు వాటిని మూసేస్తాయి. స్టవ్ రోజూ వాడుతుంటే వీటిని కూడా రోజూ గీకి తీయాలి.

వారానికోసారి బూడిద ట్రే ఖాళీ చేసి, లోపలి గోడలు, వేడి గొట్టాలు బ్రష్‌తో దులపాలి. అద్దం మసి పట్టి ఉంటే తడి కాగితానికి కాస్త బూడిద అద్ది తుడిస్తే పోతుంది. వేడి అద్దం మీద మాత్రం నీళ్లు చల్లకండి.

ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్ ఈ పనికి వద్దు. సన్నటి బూడిద దాని ఫిల్టర్‌లోంచి మళ్లీ గదిలోకి వస్తుంది. నిప్పు రవ్వ ఒక్కటి మిగిలి ఉన్నా సంచి అంటుకుంటుంది. బూడిద కోసమే చేసిన వాక్యూమ్ దొరుకుతుంది, అదే వాడాలి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో వేసి, ఇంటి బయట చెక్కకు దూరంగా పెట్టాలి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు చాలా గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి దాగి ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి గ్యారేజీలో పెట్టడమంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఏ లక్షణానికి ఏ పార్టు?

*గుళికలు పడుతున్నాయి, మంట అంటుకోవడం లేదు.* ముందు బర్న్ పాట్ శుభ్రం చేసి, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టారో లేదో చూడండి. ఇగ్నైటర్ వేడి లోపలికి చేరే రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. అయినా అంటుకోకపోతే, ప్లగ్ తీసి ఉంచి ఇగ్నైటర్ వైర్లు విప్పి మల్టీమీటర్‌తో కొలవండి. 120 వోల్టులు, 300 వాట్ల ఇగ్నైటర్ అయితే సుమారు 48 ఓమ్‌లు చూపాలి. అసలు రీడింగే రాకపోతే అది కాలిపోయినట్టు. స్టవ్‌లో ఫ్యూజ్ మాటిమాటికీ పోతున్నా ఇగ్నైటర్‌ను అనుమానించాలి. ఇది అరిగిపోయే పార్టే, మార్చడం కూడా కష్టం కాదు. అంటుకోని గుళికలు గిన్నెలో కుప్పపడితే వాటిని తీసేశాకే మళ్లీ ఆన్ చేయాలి. లేకపోతే పొగ నిండి ఒక్కసారిగా భగ్గుమంటుంది. పెట్రోల్, కిరోసిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు.

*గుళికలే పడటం లేదు.* హాపర్ మూత సరిగ్గా పడిందో లేదో చూడండి. చాలా స్టవ్‌లలో మూత తెరిచి ఉంటే ఆగర్ తిరగదు. తర్వాత హాపర్ ఖాళీ చేసి అడుగున చూడండి. చెమ్మ తగిలిన గుళికలు పొడిగా మారి సిమెంట్‌లా గట్టిపడతాయి. అవన్నీ తీసేశాక కూడా ఆగర్ తిరగకపోతే అప్పుడు మోటార్ సంగతి ఆలోచించాలి. కొత్తది కొనేటప్పుడు పాతదాని లేబుల్ మీద ఉన్న వేగం, తిరిగే దిశ రెండూ సరిపోవాలి.

*మంట సోమరిగా, నారింజ రంగులో ఊగుతోంది, అద్దం నల్లబడుతోంది.* మంటకు గాలి చాలడం లేదు. బర్న్ పాట్, పొగ దారి, పొగ గొట్టం, పొగ లాగే ఫ్యాన్ రెక్కలు, తలుపు సీలు వరుసగా చూడాలి. ఫ్యాన్‌ను విప్పితే అది కూర్చునే చోట ఉన్న గాస్కెట్‌ను కొత్తది వేయాలి. పాతదే పెట్టి బిగిస్తే పొగ ఇంట్లోకి కారే ప్రమాదం ఉంది.

*కాసేపు మండి ఆగిపోతోంది.* గాలి లాగుడు సరిపడా ఉందో లేదో చూసే వాక్యూమ్ స్విచ్ ఒకటి ఉంటుంది. దానికి వెళ్లే రబ్బరు గొట్టం మూసుకుపోతే మంట బాగున్నా స్టవ్ ఆగిపోతుంది. గొట్టాన్ని స్విచ్ నుంచి ఊడదీశాకే ఊది శుభ్రం చేయండి. తగిలించి ఉంచి ఊదితే లోపలి సున్నితమైన పొర చిరుగుతుంది.

*ఫ్యాన్ కీచుమంటోంది.* దుమ్ము తీసినా శబ్దం పోకపోతే బేరింగ్ అరిగినట్టు. పూర్తిగా ఆగేదాకా ఆగకుండా మార్చడం మేలు.

తలుపు సీలు

తలుపు చుట్టూ ఫైబర్‌గ్లాస్ తాడు ఉంటుంది. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఒక నోటు గానీ కాగితం గానీ తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సీలు పోయినట్టే. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలాగే చూడాలి.

మార్చడానికి, పాత తాడు పీకి, గాడిలోని పాత జిగురును వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకాలి. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన మందం తాడే కొనాలి. అధిక వేడిని తట్టుకునే జిగురు రాసి, తాడును సాగదీయకుండా గాడిలో కూర్చోబెట్టాలి. సాగదీస్తే సన్నబడి సీలు నిలవదు. చివరలు రెండూ ఆనుకోవాలి గానీ ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. తలుపు మూసి, జిగురు డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వాలి.

ప్రాణం మీదికి తెచ్చేవి

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని మళ్లీ లేవని వాళ్ల వార్తలు ప్రతి చలికాలంలో మనం చదువుతూనే ఉంటాం. అక్కడ చంపేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. పెల్లెట్ స్టవ్ సీలు పోయినా, పొగ గొట్టం మూసుకుపోయినా అదే వాయువు ఇంట్లోకి వస్తుంది. పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. దాని వెనక ఉన్న గడువు తేదీ కూడా చూసుకోండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే జలుబు అనుకోకండి. పిల్లల్ని, పెద్దల్ని తీసుకుని బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి.

కరెంట్ పోతే పొగ లాగే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, పొగ వెనక్కి రావచ్చు. కరెంట్ తరచూ పోయే చోట, స్టవ్ కంపెనీ ఒప్పుకునే బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. మరో విషయం, స్టవ్ ఆగిపోతోందని సేఫ్టీ స్విచ్‌ల వైర్లు కలిపేసి నడిపించొద్దు. అది ఆగిందంటే ఏదో తప్పు ఉందని చెబుతోంది.

సీజన్ అయ్యాక

వసంతం రాగానే హాపర్, ఆగర్ పూర్తిగా ఖాళీ చేయాలి. బూడిద వేసవి తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది కాబట్టి శుభ్రం అప్పుడే చేయాలి. పొగ గొట్టం ఏడాదికి కనీసం ఒకసారి తోమించాలి. గుళికల బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, తడి తగలని చోట పెట్టుకోండి. తక్కువ బూడిద వచ్చే రకం కొంటే పని సగం తగ్గుతుంది.

శుభ్రం చేయడం, సీలు, ఇగ్నైటర్ మార్చడం చేతి పని తెలిసినవాళ్లు మాన్యువల్ చూసి చేసుకోవచ్చు. పొగ గొట్టం బిగింపు, కంట్రోల్ బోర్డు, వైరింగ్ మాత్రం అర్హత ఉన్న టెక్నీషియన్‌కే వదిలేయండి. ఏ రోజు ఏం మార్చారో ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకుంటే వచ్చే చలికాలంలో మీకే పనికొస్తుంది.