అప్పు తీరని విముక్తి

అరకు అనగానే మనకు గుర్తొచ్చేవి బొర్రా గుహలు, కాఫీ తోటలు, సొరంగాలు దాటే రైలు. ఈ కొండల్లోనే గొత్తి అనే మాట ఒకటుండేది. అప్పు తీసుకున్న గిరిజనుడు అది తీరేదాకా షావుకారి దగ్గర చాకిరీ చేయడం గొత్తి. చేసిన పని వడ్డీకే చెల్లు. అసలు అలాగే ఉండేది. తండ్రి తర్వాత కొడుకు.

బానిసత్వం రద్దు అనగానే చరిత్ర పుస్తకాలు అమెరికా తీసుకెళ్లి లింకన్ దగ్గర ఆపుతాయి. బానిసగా పుట్టి, పారిపోయి వచ్చి, ఉద్యమం నడిపిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరు ఎందరికి తెలుసు? ఆ ఉద్యమం వేడి మనకూ తగిలింది. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని నల్లవాళ్ల విముక్తికి పాటుపడిన అమెరికన్లకే అంకితమిచ్చాడు. గులాం మా ఇళ్లలోని మాట. హజ్రత్ బిలాల్ కథ చెప్పుకుని గర్వపడే మేము, గులాములను కొన్న సుల్తానులూ మా చరిత్రలోనే ఉన్నారని ఒప్పుకోవాలి.

ఇక్కడ చట్టాలకు కొదవ లేదు. అమెరికా కన్నా 22 ఏళ్ల ముందే, 1843లో, బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించరాదని కంపెనీ ప్రభుత్వం చట్టం చేసింది. కొండల్లో మనిషిని కట్టేసిన అప్పు జోలికి మాత్రం అది పోలేదు. పైగా తెల్లదొరలే గూడెం కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను వెట్టికి తోలారు. 1922-24 మన్యం తిరుగుబాటు వెనక ఆ కడుపుమంట ఉంది. అల్లూరి పేరు జిల్లాకే పెట్టుకున్నాం, మంచిదే. ఆయన పక్కన పోరాడిన గాం గంటందొర, మల్లుదొరల మాటేమిటి? మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికైన సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు?

ఏజెన్సీలో రుణబానిసత్వం రద్దుకు మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తెచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 36 ఏళ్లకు మళ్లీ రద్దు చేయాల్సి వచ్చిందంటే, మొదటిసారి రద్దయిందేమిటి?

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1865లో దక్షిణాది తీరంలో నల్లవాళ్లకు కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇస్తామన్న భూమిని ఆ ఏడాదే వెనక్కి లాక్కున్నారు. వాళ్లు పాత దొరల పొలాల్లోనే పాలుకు చేసి మళ్లీ అప్పుల్లో పడ్డారు. భూమి లేని విముక్తి షావుకారి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

మన్యం భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 వచ్చింది. బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడితే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. బానిసత్వం రద్దులో మిగిలిపోయిన సగం పని ఇదే.

ఈసారి అరకు వెళ్తే గుహలు చూద్దాం. ఆ గుహల చుట్టూ ఉన్న భూమి ఎవరిదో కూడా అడుగుదాం.